మాట్లాడకూడని రోజుల్లో పదమూడు పాటలు

ఆవగింజ కంటే కాస్త పెద్దది, అంతే. నా స్వరతంతువు మీద మొలిచిన ఆ పాలిప్‌ని, అంటే చిన్న కండని, తీసేశాక డాక్టరుగారు చేతిలో ఒక కాగితం పెట్టారు. వారం రోజులు నోరు విప్పకూడదు. గుసగుస అసలే వద్దు, దానికి గొంతు ఇంకా బిగుసుకుంటుందట. పాట సంగతి ఆరు వారాల తర్వాత చూద్దాం. పదిహేడేళ్ళుగా ఆదివారం ఆరాధనలో పాడుతున్నదాన్ని. నాకు పాట అంటే నా నోట్లోంచి బయటికి పోయేదే గాని, చెవిలోంచి లోపలికి వచ్చేది కాదు. ఎవరి కొత్త పాట విన్నా మొదటి చరణం అయ్యేలోపే మనసులో లెక్కలు మొదలవుతాయి. ఇది ఏ కీలో, అంటే ఏ శ్రుతిలో, పెడితే నాకు అందుతుంది, బ్రిడ్జ్ దగ్గర, అంటే పాట మలుపు తిరిగే చోట, ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, రెండో గొంతు ఎవరికి ఇవ్వాలి. మొత్తం పాట వినడం పూర్తయ్యేసరికి దాన్ని విననే లేదని తేలుతుంది.

ఈసారి ఆ లెక్కలతో పనిలేదు. పాడేది లేదు కాబట్టి విన్నాను. విన్నది క్రైస్తవ గాయని లారెన్ డేగల్ ‘లుక్ అప్ చైల్డ్’, 2018 సెప్టెంబరులో వచ్చిన ఆల్బమ్. అప్పుడు కూడా విన్నాను, అంటే ఇందాక చెప్పిన పద్ధతిలో. రెండు పాటలు ఏరుకుని, కీ దించుకుని, ఆరాధనలో వాడేసుకుని, మిగతా పదకొండూ పక్కన పడేశాను. ఇప్పుడు పదమూడింటినీ వరసగా, రోజుకి ఒకసారి చొప్పున, దాదాపు నెల రోజులు విన్నాను. ఆ విన్నదాని మీదే ఈ సమీక్ష.

ముందు మనిషి గురించి కాస్త. డేగల్‌ది అమెరికాలో లూసియానా రాష్ట్రం, లఫాయెట్ ఊరు. గొంతులో ఆ ప్రాంతపు బ్లూస్, సోల్ వాసన ఉంటుంది. చాలామంది బ్రిటిష్ గాయని అడెల్‌తో పోలుస్తారు. పోలిక తప్పు కాదు గాని దానితో మనకి తెలిసేది ఏమీ లేదు, ఇద్దరికీ కింది స్థాయిలో జీర ఉంది అన్నంత వరకే. నాకు ఆసక్తిగా అనిపించింది ఇంకోటి. పదిహేనేళ్ళ వయసులో ఆమెకి సైటోమెగలోవైరస్ సోకి దాదాపు రెండేళ్ళు బడికి వెళ్ళలేక ఇంట్లోనే ఉండిపోయింది. ఆ ఖాళీలోనే వాళ్ళమ్మ పాట పాఠాలు చెప్పించిందట. తర్వాత అమెరికన్ ఐడల్ అనే టీవీ పాటల పోటీకి వెళ్ళింది, నెగ్గలేదు. 2015లో మొదటి ఆల్బమ్. మూడేళ్ళకి ఇది. అక్కడ అన్ని రకాల ఆల్బమ్‌లనీ కలిపి లెక్కగట్టే బిల్‌బోర్డ్ 200 పట్టికలో మూడో స్థానంతో మొదలైంది. క్రైస్తవ ఆల్బమ్‌లని వేరే అలమరలో పెట్టి అమ్మే దేశంలో, అందరూ కొనే పట్టికలో మూడో స్థానమంటే చిన్న సంగతి కాదు. దీనిలోని ‘యూ సే’ పాట క్రైస్తవ పాటల పట్టికలో వందకి పైగా వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. 2019లో పాటకొకటి, ఆల్బమ్‌కొకటి, రెండు గ్రామీ అవార్డులు.

ఇవన్నీ తెలిసినవే. నెల రోజుల్లో నాకు కొత్తగా తెలిసింది చెప్తాను. ఈ ఆల్బమ్ చెప్పడం గురించి, వినడం గురించి. పాట తర్వాత పాట అదే. ‘యూ సే’లో ‘నువ్వు అంటున్నావు’. ‘లుక్ అప్ చైల్డ్’లో ‘నువ్వు అనడం నాకు వినిపిస్తోంది’. ‘రెస్క్యూ’లో మాట తిరగబడి, దేవుడే ‘నీ ఊపిరి కింద నలిగే గుసగుస నాకు వినిపిస్తోంది’ అంటాడు. గుసగుస కూడా నిషేధమైన మనిషికి ఆ లైను ఎలా తగిలిందో వేరే చెప్పక్కర్లేదు. అది కూడా కుదరదయ్యా నాకు, ఇంకేం వింటావు అనుకున్నాను. నవ్వొచ్చింది. నవ్వకూడదు కూడా.

‘వినుట వలన విశ్వాసము కలుగును’ అని రోమా పత్రికలో ఉంది. చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠస్థం చేయించిన వాక్యం. దాన్ని ఎప్పుడూ ప్రసంగం చెప్పేవాళ్ళకి పనికొచ్చే మాటగానే అనుకున్నాను, అంటే బాగా వినిపించేలా చెప్పండి అన్నట్టు. వినడమే ఒక పని, అది కూడా కష్టమైన పని అని అర్థం కావడానికి నాకు ఒక ఆపరేషన్ కావాల్సొచ్చింది.

ఇక అసలు తగువు. ఈ సంగీతం మీద అందరూ పెట్టే తగువే. మా అమ్మాయికి పదమూడేళ్ళు. మూడో రోజు అనుకుంటా, నా పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటోంది, స్పీకర్‌లో ‘లవ్ లైక్ దిస్’ వస్తోంది. ఇంత ప్రేమకి నేనేం చేశానని అని అడుగుతుంది ఆ పాటలో.

“అమ్మా, ఈమె ఎవరి గురించి పాడుతోంది? భర్తా?”

రాసి తుడిచే పలక ఒకటి పెట్టుకున్నాను అప్పటికి. దాని మీద ‘దేవుడు’ అని రాసి చూపించాను.

“పేరు చెప్పలేదుగా?”

ఏం రాయను. నిజమే, చెప్పలేదు. పలక తుడిచి ‘విను’ అని రాశాను. అది విని, “మంచి పాటే, కానీ నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు” అని ఫోన్‌లోకి వెళ్ళిపోయింది.

ఇంగ్లీషులో ఆరాధన పాటలు అచ్చువేసేటప్పుడు దేవుణ్ణి సంబోధించే ‘యూ’కి పెద్ద ‘వై’ పెడతారు. కాగితం మీద అది దేవుడని తెలిసిపోతుంది. చెవికి పెద్ద వై, చిన్న వై తేడా లేదు. మన లిపిలోనైతే పెద్దక్షరమే లేదు కాబట్టి ఆ ఇబ్బందికి మన దగ్గర వేరే విరుగుడు ఉంది. ‘ప్రభువా’ అనో ‘తండ్రీ’ అనో ఒక్క పిలుపు ఎక్కడో వేస్తాం, పాటకి చిరునామా అంటించినట్టు. అమెరికా పాప్‌లో ఆ పిలుపు వేయాలా వద్దా అన్నది యాభై ఏళ్ళ పంచాయితీ. అక్కడి క్రైస్తవ రేడియో లోకంలో ఒక వేళాకోళం కూడా ఉంది, నిమిషానికి ఎన్ని యేసులు అని. మోటారు చక్రం తిరుగుళ్ళు లెక్కపెట్టినట్టు, పాటలో యేసు పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి భక్తిని కొలవడమన్నమాట. రెండో వైపు నుంచి వచ్చే వెక్కిరింత, ‘యేసు నా బాయ్‌ఫ్రెండ్’ తరహా పాటలని. పేరు తీసేస్తే ఎవరికైనా పాడుకోవచ్చని దాని భావం.

పేరు చెప్పాలా వద్దా అన్నది డేగల్ పుట్టకముందే మొదలైంది. 1969లో లారీ నార్మన్ అనే గాయకుడు రాక్ సంగీతంలో యేసు పాటలు పాడితే గిటారూ జుట్టూ చూసి చర్చివాళ్ళు బెదిరారు, యేసుని చూసి రాక్ వాళ్ళు బెదిరారు. 1991లో క్రైస్తవ గాయని ఎమీ గ్రాంట్ పాడిన ‘బేబీ బేబీ’ అందరి పట్టికలోనూ మొదటి స్థానానికి ఎక్కింది. నిజానికి ఆ పాట పుట్టింది తన పసిపాపని చూసి. వీడియోలో ఒక అబ్బాయితో నవ్వుతూ కనిపించేసరికి భక్తులకి కోపం వచ్చింది. ఆవిడ అప్పటికే 1982లో ‘ఏజ్ టు ఏజ్’తో చర్చి ప్రపంచాన్ని ఏలిన గాయని. అయినా సరే, ‘మన అమ్మాయి బయటికి వెళ్ళిపోయింది’ అన్నారు. బయటికి వెళ్ళడం, లోపల ఉండటం. ఈ రెండు మాటలతోనే ఆ పరిశ్రమ నడుస్తుంది.

‘యూ సే’ ఆ గుమ్మంలోనే నిలబడి పాడిన పాట. ఒక్కసారి దగ్గరగా చూద్దాం, ఎందుకంటే దీన్ని తెలుగులోకి తెద్దామని నేను రెండు రాత్రులు కూర్చుని ఓడిపోయాను.

పియానో, కింది స్థాయిలో గొంతు. మొదటి చరణంలో దేవుడి పేరు లేదు. నువ్వు చాలవు, చాలవు అని తలలో గోల పెట్టే గొంతులతో పోట్లాట. అంటే అక్కడ కూడా వినడమే, కాకపోతే తప్పుడు గొంతులు. పల్లవిలో ఆ గొంతులకి ఎదురుగా ఇంకో గొంతు. నాకు ఏమీ అనిపించనప్పుడు నేను ప్రేమ పొందినదాన్నని నువ్వంటున్నావు. బలహీనురాలిననుకున్నప్పుడు బలవంతురాలినని నువ్వంటున్నావు. పాట అంతా ఒకే వ్యాకరణం. నాకు అనిపించేది ఒకటి, నువ్వనేది ఒకటి. పల్లవిలో నాకు అనిపించేది అబద్ధమని ఆమె అనదు, అది అలాగే ఉంటుంది. దాని పక్కన ఇంకొకరి మాట పెట్టి, ఆ మాటని నమ్ముతున్నానంటుంది. నమ్ముతున్నానని ఒకసారి చెప్పి ఊరుకోదు, ముమ్మారు చెప్తుంది. మొదటిసారి విన్నప్పుడు అది ధైర్యంలా అనిపించింది. పదిసార్లు విన్నాక తెలిసింది, అది తనకి తాను చెప్పుకోవడం. నమ్మకం గట్టిగా ఉన్నవాళ్ళు మూడుసార్లు అనరు.

దేవుడి పేరు ఎక్కడొస్తుంది? బ్రిడ్జ్‌లో. ఒకే ఒక్కసారి, ‘గాడ్’ అని. అదీ ఎక్కడంటే, ఓటములు నీ దగ్గర పెడుతున్నాను అనే చోట. గెలుపుల దగ్గర కాదు. నిమిషానికి ఎన్ని అని లెక్కపెట్టేవాళ్ళకి ఇది చాలా తక్కువ. నాకు మాత్రం అక్కడ వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. మూడు నిమిషాలు దాచిన పేరు ఎక్కడ బయటపడిందో చూడండి. మా అమ్మాయిని పిలిచి ఆ చోటు వినిపించాను. “ఓ, ఇక్కడ చెప్పింది” అంది. అంతకంటే ఎక్కువ ఏమీ అనలేదు, నేను కూడా పలక మీద ఏమీ రాయలేదు.

సరే, తెలుగు చేయబోయాను. ‘ఐ యామ్ లవ్డ్’ దగ్గరే బండి ఆగింది. మన పాత బైబిలు తెలుగులో ‘నేను ప్రేమింపబడుచున్నాను’. పది అక్షరాలు, మూడు అక్షరాల రాగానికి. పోనీ రాగం సాగదీద్దామన్నా, ‘బడుచున్నాను’ అని పాడుతుంటే ప్రేమ పొందుతున్నట్టు ఉండదు, నోటీసు అందుకున్నట్టు ఉంటుంది. ‘ఐ యామ్ హెల్డ్’ ఇంకా ఘోరం. ‘పట్టుకోబడ్డాను’ అంటే దొంగ దొరికినట్టు. చివరికి క్రియని దేవుడికి ఇచ్చేశాను. నన్ను ప్రేమించావు, నన్ను ఎత్తుకున్నావు. పాటగా కుదిరింది. కానీ అసలు పాటలోని కీలకం పోయింది. ‘నువ్వు ప్రేమించావు’ అంటే అది నా సాక్ష్యం. ‘నేను ప్రేమ పొందినదాన్నని నువ్వంటున్నావు’ అంటే అది ఇంకా సాక్ష్యం కాలేదు, ఇంకా వినికిడి దగ్గరే ఉంది. మన పాటలు సాధారణంగా సాక్ష్యం దగ్గర మొదలై స్తుతి దగ్గర ముగుస్తాయి. నాకు ఏమీ అనిపించడం లేదు అనే మాట పల్లవిలో పెట్టిన ఆరాధన పాట నేను పదిహేడేళ్ళలో పాడినట్టు గుర్తు లేదు. చేసిన అనువాదం చించేశాను.

‘రెస్క్యూ’ గురించి నాకు రెండు మనసులు. పాటంతా దేవుడి నోటి మాట. చీకటిలో నీ కోసం సైన్యాన్ని పంపుతాను, నిన్ను రక్షిస్తాను అని. ప్రవక్తల పుస్తకాల్లో దేవుడు ‘నేను’ అని మాట్లాడటం మనకి అలవాటే. కానీ పాప్ పాటలో ఒక గాయని దేవుడి ‘నేను’ని తొడుక్కుంటే, వినేటప్పుడు ఒక చిన్న జంకు. ఆ మాట ఇచ్చేది ఎవరు? ఆమె కాదు కదా. ఇంకోటి, ఆ సైన్యం రానివాళ్ళ సంగతి? నాకు తెలిసినావిడ ఒకరు ఈ పాటని ఆస్పత్రి మంచం దగ్గర పెట్టుకుని విన్నారు. ఆమెకి అది ఓదార్పు అయింది. ఆమె పోయాక అదే పాట ఆ ఇంట్లో ఎవరూ పెట్టలేదు. పాట తప్పనడం లేదు. ఇంత పెద్ద మాటని నాలుగు నిమిషాల్లో ఇచ్చేయడం పాప్‌కి ఉన్న బలం, బలహీనత రెండూ అంటున్నాను. గొంతు మాత్రం అద్భుతం. చరణంలో దాదాపు మాట్లాడుతున్నట్టే మొదలుపెట్టి, పల్లవిలో ఛాతీలోంచి తీస్తుంది.

శీర్షిక పాట ‘లుక్ అప్ చైల్డ్’ నా దృష్టిలో దీనికంటే నిజాయితీగా ఉంది. చీకటే గెలుస్తున్నట్టున్న ఈ వేళ నువ్వెక్కడున్నావు, అని దేవుణ్ణి నిలదీస్తుంది. కీర్తనల గ్రంథంలో సగం ఇదే గోల కదా, ఎందాక, ఎందాక అని. ఆ ప్రశ్నకి జవాబు రాదు. ‘తలెత్తు, బిడ్డా’ అన్న రెండు మాటలు మాత్రం వినిపిస్తాయి. జవాబు చెప్పకుండా పక్కన కూర్చున్నట్టు. పాట కూడా పెద్దగా ఎగరదు, ఒక జోల ఊపులో ఉండిపోతుంది. రేడియోకి ఇది సరిపడదేమో గాని రాత్రి పదకొండింటికి మాట్లాడలేని మనిషికి సరిపోయింది.

‘లూజింగ్ మై రిలీజియన్’ అనే పేరు చూసి ఆర్.ఈ.ఎం. అనే రాక్ బృందం పాటేమో అనుకోకండి, అది వేరు, ఇది వేరు. ఇందులో, వేదిక మీద నటిలా నా పాత్ర నేను వేస్తూ వచ్చాను అంటుంది. ఆ వేషం వదిలేస్తేనే నిన్ను కనుక్కోగలను అంటుంది. ఆరాధన నడిపేవాళ్ళు ఎవరైనా ఈ పాట విని కాస్త కదులుతారు కుర్చీలో. నేను కదిలాను. ఒంట్లో బాగాలేని ఆదివారాల్లో కూడా చేతులెత్తి, కళ్ళు మూసుకుని, ఆనందంగా ముఖం పెట్టి పాడిన సందర్భాలు ఎన్నో. అది నటనా, విధేయతా? ఇప్పటికీ తేల్చుకోలేదు. గొంతు గీరుకుపోతున్నా రికార్డింగ్ కీలోనే పాడాలన్న పట్టుదలకి తలూపింది కూడా ఆ ముఖంతోనే, ఫలితం స్వరతంతువు మీద మొలిచింది. అది వేరే కథ, ఇక్కడ వద్దు.

ఈ ఆల్బమ్ వచ్చిన ఏడాదే డేగల్, స్వలింగ సంపర్కురాలైన ఎలెన్ డిజనరస్ నడిపిన ఒక పెద్ద టీవీ షోలో పాడింది, ఆ తర్వాత ఒక రేడియో ముఖాముఖిలో స్వలింగ సంపర్కం పాపమా అని అడిగితే, చెప్పలేను, నేను దేవుణ్ణి కాను, బైబిలు చదివి మీరే తెలుసుకోండి అంది. ఒకవైపు వాళ్ళకి అది పిరికితనం, ఇంకోవైపు వాళ్ళకి అది దాటవేత. ఆ జవాబు మీద నాకూ అభిప్రాయం ఉంది గాని ఆల్బమ్‌ని దానితో తూచను. ఒకటి మాత్రం గమనించాను. పాటల్లో ఆమె చెప్పకుండా వదిలేసిన చోట్లే వినేవాళ్ళకి చోటు దొరుకుతుంది. మాటల్లో చెప్పకుండా వదిలేస్తే ఎవరూ ఊరుకోరు.

మిగతావి చకచకా. మొదటి పాట ‘స్టిల్ రోలింగ్ స్టోన్స్’, యేసు సమాధి రాయి దొర్లడం మీద పదవిన్యాసం. సోల్ ఊపు, వెనక గుంపు గొంతులు, కాళ్ళు ఆగవు. ఈస్టర్‌కి ఏడుపు రాగంలో పాడే అలవాటున్నవాళ్ళకి మంచి మందు. ‘ఎవ్రీథింగ్’లో పిచ్చుకలు, పువ్వులు, కొండ మీది ప్రసంగంలోంచి దిగి వచ్చినవి, ముచ్చటగా ఉంది. ‘దిస్ గర్ల్’ తప్పిపోయిన కుమారుడి కథలో కుమార్తె. ‘రెబెల్ హార్ట్’ బాగుంది గాని ఆ తిరుగుబాటు ఎక్కడా వినిపించదు. ఇంత బుద్ధిగా పాడితే తిరగబడే గుండె అని ఎలా నమ్మాలి? ‘ఇనెవిటబుల్’ వచ్చేసరికి నాకు రోజూ నీళ్ళు తాగాలనిపించేది. ‘రిమెంబర్’, ‘యువర్ వింగ్స్’ రెండూ తలా ఒకటి రెండుసార్లు పట్టుకున్నాయి, తర్వాత జారిపోయాయి.

శబ్దం గురించి మా తమ్ముణ్ణి అడిగాను, వాడు మిక్సింగ్ చేస్తాడు, అంటే రికార్డు చేసిన గొంతులనీ వాయిద్యాలనీ కలిపి కూర్చే పని. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగు పాటలు విని, “అక్కా, గొంతు చాలా ముందుకి తెచ్చారు, మంచిదే. కానీ పల్లవుల్లో అన్నీ కలిపి గోడ కట్టేశారు, డ్రమ్స్ ఒక్కోచోట ఆమె మీద కూర్చున్నాయి” అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. జేసన్ ఇన్‌గ్రామ్, పాల్ మేబరీ నిర్మాతలు. ‘యూ సే’ రాయడంలో కూడా ఆమెతో పాటు ఈ ఇద్దరూ ఉన్నారు. చేయి తిరిగిన పనివాళ్ళే. వాళ్ళకి పల్లవి ఎక్కడ పేలాలో తెలుసు. ఎప్పుడు పేలకూడదో అనేది కాస్త తక్కువ తెలుసు. మెల్లగా మొదలైన పాట మూడో నిమిషానికి పైకప్పు తాకాల్సిందే అన్న నియమం ఏదో ఉన్నట్టు వరసగా నాలుగైదు పాటలు అదే దారి పట్టాయి. ఈ ఆల్బమ్‌కి నేను అయిదుకి నాలుగు ఇస్తాను. ఆ పోయిన ఒకటి ఈ పైకప్పుల ఖాతాలోది.

ఎలా వినాలి? వరసలోనే వినండి. నేను మొదటి రెండు రోజులు డబ్బు కట్టని పాటల యాప్‌లో విన్నాను. అది వరస కలిపేసి, ‘రెస్క్యూ’లో సైన్యం పంపుతానన్న వెంటనే జుట్టు రాలే సమస్య ఉందా అని ఒక పురుష గొంతుతో గట్టిగా అడిగింది. తిట్టడానికి కూడా వీల్లేని స్థితి నాది. మూడో రోజు సీడీ తీసుకున్నాను. వరస ఎందుకంటే, చివరి పాట కోసం. పదమూడు పాటల శీర్షికల్లో యేసు పేరు కనిపించేది చివరిదానిలో మాత్రమే, ‘టర్న్ యువర్ ఐస్ అపాన్ జీసస్’. అది వందేళ్ళు దాటిన కీర్తన. అల్జీరియాలో మిషనరీగా ఉన్న లిలియస్ ట్రాటర్ రాసిన ఒక కరపత్రం చదివి, హెలెన్ లెమ్మెల్ రాసింది. డేగల్ దాన్ని హడావుడి లేకుండా, కొత్త మెలికలు పెట్టకుండా పాడింది. పన్నెండు పాటల పాటు ‘నువ్వు’, ‘నువ్వు’ అని తిప్పించి, పదమూడోదానికి ఎవరిదో పాత పాట అరువు తెచ్చి శీర్షికలోనే పేరు చెప్పింది. మా అమ్మాయి అడిగిన ప్రశ్నకి ఆల్బమ్ ఇచ్చిన జవాబు అది. షఫుల్‌లో వింటే ఈ జవాబు ప్రశ్న కంటే ముందే వచ్చేస్తుంది.

ఇంకో సంగతి. ఈ ఆల్బమ్‌ని సమూహంగా పాడే పాటల కోసం కొనకండి. నేను ఆ తప్పు ముందోసారి చేశాను. ‘యూ సే’ రాసింది ఒక గొంతు కోసం, వందమంది కోసం కాదు. కింది స్వరాలు చాలామంది ఆడవాళ్ళకి అందవు, కీ పెంచితే బ్రిడ్జ్ దగ్గర మగవాళ్ళు ఆగిపోతారు. అప్పట్లో మేం పాడినప్పుడు పల్లవి తప్ప ఎవరూ కలవలేదు, నేను ఒక్కదాన్నే పాడి, పైగా దాన్ని ఆరాధన అనుకున్నాను. కలిసి పాడటానికి వేరే పాటలున్నాయి, బోలెడు. ఇది ఒక్కరు కూర్చుని వినేది. వండుతూ, రాస్తూ, పక్కన మోగుతుంటే సరిపోయే సంగీతంగా కూడా బాగానే ఉంటుంది గాని, అలా వింటే ఆ ఒక్క ‘గాడ్’ దాటిపోతుంది.

నాలుగో వారం నుంచి స్వర వ్యాయామం మొదలుపెట్టించారు. సగం గ్లాసు నీళ్ళు, అందులో స్ట్రా, పెదాలు బిగించి ‘ఊ’ అంటూ ఊదాలి. గొంతు మీద భారం పడకుండా తంతువులు కదులుతాయట. రోజుకి మూడుసార్లు, అయిదేసి నిమిషాలు. ఏదైనా రాగం మీద ఊదొచ్చు అన్నారు. ‘యూ సే’తో మొదలుపెట్టాను. పల్లవి దగ్గర ఆవేశం ఆపుకోలేక నీళ్ళు బల్లంతా చిమ్మాయి, మా అమ్మాయి పరీక్ష నోట్సు తడిసింది. ఆ పాత కీర్తన మాత్రం గ్లాసులో చక్కగా ఇమిడింది.